33,000 ఫ్రేముల్లో ఒక్కటి

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. మన టీవీ ప్రసారాల్లో సెకనుకి 25 ఫ్రేములు. అరగంట ఎపిసోడ్‌లో యాడ్స్ తీసేస్తే 22 నిమిషాలు మిగిలాయనుకోండి. 22 × 60 × 25 = 33,000. అంటే మెస్‌లో అన్నం తింటూ ఫోన్‌లో చూసేసే ఒక్క ఎపిసోడ్‌లో 33,000 బొమ్మలు మన కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతున్నాయి. వాటిలో రేపు పొద్దున్నకి ఎన్ని గుర్తుంటాయి? నిజం చెప్పాలంటే, కథ గుర్తుంటుంది, ఒకటి రెండు డైలాగులు గుర్తుంటాయి. బొమ్మ మాత్రం గుర్తుండదు. 1.5 స్పీడ్‌లో చూసేవాళ్ళకి (మనలో ఎక్కువమంది అంతే) అదీ కష్టం.

ఈ వ్యాసం ఆ 33,000లో ఒక్కదాన్ని ఆపి, స్కెచ్‌బుక్‌లో రంగులతో వేసుకోవడం ఎలాగో చెప్పడానికి. డ్రాయింగ్ రాని వాళ్ళు కూడా చదవచ్చు. నేను ఫస్టియర్ నుంచి వేస్తున్నాను, ఇప్పటికి ఒక స్కెచ్‌బుక్ నిండింది. దానివల్ల నాకు అర్థమైంది ఒక్కటే: సీన్ నచ్చింది కాబట్టి బొమ్మ వేద్దాం అని కూర్చుంటాం, కానీ ఆ సీన్ మనకి ఎందుకు నచ్చిందో బొమ్మ వేశాకే తెలుస్తుంది. మిగతా పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తెర నుంచి కాగితానికి

ఇదేమీ కొత్త పని కాదు. సినిమావాళ్ళు ఎప్పటి నుంచో దీన్ని అటు నుంచి ఇటు చేస్తున్నారు. ‘పథేర్ పాంచాలి’ (1955) తీయడానికి ముందు సత్యజిత్ రాయ్ మామూలు స్క్రిప్టు బదులు షాట్లని బొమ్మలుగా వేసుకున్నాడు. మన బాపు గారు సంగతి చెప్పక్కర్లేదు. ఆయన ముందు చిత్రకారుడు, తర్వాత దర్శకుడు. మొదటి సినిమా ‘సాక్షి’ 1967లో వచ్చింది, అప్పటికే ఆయన బొమ్మలు తెలుగు పత్రికల పాఠకులందరికీ తెలుసు. సీన్లని ముందు కాగితం మీద గీసుకుని తర్వాత తీసేవారు. వాళ్ళు కాగితం నుంచి తెరకి వెళ్ళారు. మనం తెర నుంచి కాగితానికి వస్తున్నాం. దారి ఒక్కటే, దిశ వేరు. సీఎస్ భాషలో చెప్పాలంటే ఇది రివర్స్ ఇంజనీరింగ్ అన్నమాట. తయారైన ప్రోగ్రామ్‌ని చూసి లోపల ఏం లాజిక్ పెట్టారో వెతుక్కోవడం.

టీవీలో అయితే ఈ బంధం ఇంకా దగ్గర. ‘మాల్గుడి డేస్’ చూసి ఉండకపోతే ఒకసారి చూడండి. 1980ల రెండో సగంలో దూరదర్శన్‌లో వచ్చింది. ఆర్.కె. నారాయణ్ కథలు, శంకర్ నాగ్ దర్శకత్వం. టైటిల్స్‌లో వచ్చే గీతల బొమ్మలు రచయిత తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ వేసినవి. ఎపిసోడ్ మొదలవకముందే నాలుగు గీతల్లో ఊరు మన ముందుకి వచ్చేస్తుంది. మాల్గుడి అనే ఊరు మ్యాపులో లేదు. ఎక్కువ భాగం షూటింగ్ కర్ణాటకలోని ఆగుంబెలో జరిగింది. అయినా ఆ సీరియల్ చూసినవాళ్ళెవర్ని అడిగినా ఆ ఊరికి వెళ్ళొచ్చినట్టే మాట్లాడతారు. ఒక బొమ్మకి ఉన్న బలం అదే.

ఏమేం కావాలి

ఖర్చు గురించి భయపడొద్దు. లిస్టు చిన్నదే.

ఏ5 సైజు స్కెచ్‌బుక్ ఒకటి. కాగితం మందం ముఖ్యం. జిరాక్స్ కాగితం సాధారణంగా 75 జీఎస్ఎం ఉంటుంది, దాని మీద తడి బ్రష్ పెడితే అప్పడంలా ముడుచుకుపోతుంది. వాటర్ కలర్స్‌కి 300 జీఎస్ఎం బావుంటుంది. 200 ఉన్నా నీళ్ళు తక్కువ వాడితే నెట్టుకురావచ్చు. స్కూలు పిల్లలు వాడే 12 రంగుల వాటర్ కలర్ పెట్టె చాలు. గుండ్రటి మొన ఉన్న బ్రష్‌లు రెండు: ఒకటి సన్నది, ఒకటి లావుది. హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు, స్కేలు, మాస్కింగ్ టేపు. రెండు గ్లాసుల నీళ్ళు. ఒకటి బ్రష్ కడగడానికి, ఇంకోటి రంగులో కలపడానికి. రెండింటికీ ఒకే గ్లాసు వాడితే పది నిమిషాల్లో ఆకాశం కూడా మట్టి రంగులోకి దిగిపోతుంది. రంగులు కలుపుకోవడానికి తెల్లటి పింగాణీ సాసర్ పెట్టుకోండి. పాత బనీను గుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోండి.

పాఠం 1: ఫ్రేమ్ ఎంచుకోవడం

వీడియో ఫైల్ ఎలా కంప్రెస్ అవుతుందో క్లాసులో విన్నాం కదా. అన్ని ఫ్రేములూ పూర్తిగా దాచిపెట్టరు. అక్కడక్కడ ఒక ఫ్రేమ్‌ని మొత్తంగా ఉంచుతారు, దాన్ని ఐ-ఫ్రేమ్ అంటారు. మధ్యలో ఉన్నవాటికి పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటారు. మన జ్ఞాపకం కూడా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుందేమో అనిపిస్తుంది నాకు. సీన్ మొత్తంలో ఎక్కడో ఒక బొమ్మ స్థిరంగా నిలబడుతుంది, మిగతాదంతా దాన్ని పట్టుకుని వేలాడుతుంది. మనం వెతకాల్సింది ఆ ఒక్క బొమ్మని.

చాలామంది గొడవ, కొట్లాట, ఏడుపు పతాక స్థాయికి చేరిన చోట పాజ్ కొడతారు. అక్కడ మనుషులు కదులుతుంటారు, ఫ్రేమ్ మసగ్గా ఉంటుంది, ముఖాలు వంకర్లు పోతాయి. దానికి కొంచెం ముందో వెనకో కెమెరా ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటుంది. మనిషి తలుపు దగ్గర ఆగుతాడు, లేదా ఎవరో వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీ మిగులుతుంది. బొమ్మకి అలాంటి చోటే మంచిది. జరిగిందీ జరగబోయేదీ రెండూ అందులో ఉంటాయి.

ఫ్రేమ్ దొరికాక పెట్టె గీయండి. ఇక్కడ లెక్క చాలా సుఖం. ఇప్పటి వెబ్ సిరీస్‌లు ఎక్కువగా 16:9లో ఉంటాయి కాబట్టి 16 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె గీస్తే సరి. పాత టీవీ 4:3. దానికి 12 × 9. ఏ5 పేజీ అడ్డంగా తిప్పితే 21 × 14.8, కాబట్టి రెండూ హాయిగా పడతాయి, చుట్టూ మార్జిన్ కూడా మిగులుతుంది. గీత బయట మాస్కింగ్ టేపు అంటించండి. చివర్లో టేపు తీసినప్పుడు అంచు కత్తితో కోసినట్టు వస్తుంది.

ఈ పెట్టె చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. 4:3 పెట్టెలో ఇద్దరు మనుషుల్ని పెడితే ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా, ఇరుగ్గా ఉంటారు. అదే ఇద్దర్ని 16:9లో పెడితే పక్కన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి ఒక అర్థం వస్తుంది: దూరం, ఒంటరితనం, లేదా ఎవరో రాబోతున్నారన్న ఎదురుచూపు. పాత సీరియల్స్ చూస్తుంటే మన ఇంట్లో మనుషుల మధ్య కూర్చున్నట్టు ఎందుకు ఉంటుందో 12 × 9 పెట్టె గీసిన రోజు కొంత అర్థమవుతుంది.

పాఠం 2: ముందు వెలుగు, నీడ

రంగులు ముట్టుకోకముందు ఈ మెట్టు ఎక్కాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి. తర్వాత కళ్ళు చిట్లించి చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి పెద్ద మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చల్ని మూడే మూడు రకాలుగా విడగొట్టండి: తెలుపు, మధ్య రకం, ముదురు. ప్రోగ్రామింగ్‌లో అయితే 0 నుంచి 255 వరకు ఉన్న 256 స్థాయిల్ని మూడు డబ్బాల్లో వేసినట్టు: 0–85, 86–170, 171–255. ఇప్పుడు చిన్న పెట్టెలో, 8 × 4.5 చాలు, పెన్సిల్‌తో ఈ మూడు స్థాయిలూ నింపండి. ఐదు నిమిషాల పని. ఆ చిన్న బొమ్మ చూడగానే సీన్ గుర్తుపట్టగలిగితే సగం పని అయిపోయినట్టే. గుర్తుపట్టలేకపోతే మీద ఎన్ని రంగులు పూసినా లాభం లేదు, ఇంకో ఫ్రేమ్ చూసుకోండి.

వెలుగు–నీడకి ఇంత ప్రాముఖ్యం ఎందుకు? దీనికి జవాబు టీవీలోనే ఉంది. మన దేశంలో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది 1982లో, ఢిల్లీలో ఏషియాడ్ జరిగిన ఏడాది. కానీ అప్పటికే ఇళ్ళల్లో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలు ఆగిపోలేదు, అదే ప్రసారాన్ని హాయిగా చూపించాయి. ఎందుకంటే సిగ్నల్‌లో వెలుగు సమాచారం వేరుగా, రంగు సమాచారం వేరుగా వెళ్ళేది. పాత టీవీ వెలుగుని మాత్రం తీసుకుని రంగుని వదిలేసేది. బొమ్మ అర్థం కావడానికి ఆ వెలుగు ఒక్కటే సరిపోయింది.

ఇప్పటి డిజిటల్ వీడియో కూడా ఇదే నమ్ముతుంది. 4:2:0 అనే పద్ధతి ఉంది. 1920 × 1080 వీడియోలో వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ దాస్తారు, అంటే ఫ్రేమ్‌కి 20,73,600 విలువలు. రంగుకి ఉన్న రెండు చానెళ్ళలో ఒక్కోదాన్ని 960 × 540లోనే దాస్తారు, అంటే 5,18,400. నాలుగో వంతు! అయినా మనకి తేడా తెలియదు. మన కన్ను వెలుగులో తేడాని సూక్ష్మంగా పట్టుకుంటుంది, రంగులో తేడాని అంత సూక్ష్మంగా పట్టుకోలేదు. కాబట్టి బొమ్మ వేసేటప్పుడు మనమూ అదే చేద్దాం. గీతలు, అంచులు, వివరాలు వెలుగు–నీడల్లో చూపిద్దాం. రంగుని కొంచెం వదులుగా, గీత దాటినా ఫర్వాలేదన్నట్టు పూద్దాం. వాటర్ కలర్ వేసే చాలామంది చేసేది ఇదే. రోజూ చూసే వీడియోలో కూడా అదే సూత్రం ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. రంగుని గ్రేస్కేల్‌లోకి మార్చే ఒక ఫార్ములా మనలో చాలామందికి తెలుసు: 0.299 × ఎరుపు + 0.587 × పచ్చ + 0.114 × నీలం. మూడింటికీ విడివిడిగా 255 ఇస్తే ఎరుపుకి 76, పచ్చకి 150, నీలానికి 29 వస్తుంది. ఎరుపు, పచ్చ కలిసిన పసుపుకి 226. అంటే పసుపు పుట్టుకతోనే వెలుగు, నీలం పుట్టుకతోనే నీడ. రంగుల పెట్టెలో కూడా ఇంతే. పసుపు ఎంత చిక్కగా పూసినా చీకటి రాదు. నీడ కావాలంటే నల్లరంగు సీసా వెతక్కుండా నీలంలో కాస్త గోధుమ రంగు కలపండి. నల్లరంగు కన్నా లోతుగా ఉంటుంది, చచ్చుగా ఉండదు.

సాధన చెయ్యడానికి ‘మాల్గుడి డేస్’ చాలా మంచిది. పెంకుటింటి లోపల నీడ, గుమ్మం అవతల పగటి వెలుగు ఉన్న ఫ్రేమ్ ఒకటి పట్టుకోండి. గుమ్మం అవతల కాగితాన్ని అలాగే తెల్లగా వదిలెయ్యండి. లోపల గోడ మధ్య రకం. స్తంభం, మనిషి ముదురు. మూడంటే మూడు స్థాయిలు. ఇల్లు అనే భావన వచ్చేస్తుంది.

పాఠం 3: రంగు

స్క్రీన్‌కీ కాగితానికీ ఒక పెద్ద తేడా ఉంది. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ మీద ఎరుపు వెలుగూ పచ్చ వెలుగూ కలిస్తే పసుపు వస్తుంది. సాసర్‌లో ఎరుపు రంగూ పచ్చ రంగూ కలిపితే మట్టి రంగు వస్తుంది. కాబట్టి స్క్రీన్‌షాట్‌లో ఉన్న రంగుని అచ్చంగా తేవాలని పట్టుబట్టొద్దు, తేలేం. మన దగ్గరున్న అన్నిటికన్నా ఎక్కువ వెలుగు తెల్ల కాగితమే. అందుకే వాటర్ కలర్‌లో లేత నుంచి ముదురుకి వెళ్తాం. వెలుగు ఉండాల్సిన చోట ఏమీ వెయ్యం. సీన్‌లో దీపం ఉంటే దీపాన్ని వెయ్యలేం. దాని చుట్టూ చీకటిని వేస్తే దీపం దానంతట అదే వెలుగుతుంది.

ఉదాహరణకి ‘పంచాయత్’ తీసుకుందాం. 2020లో మొదలైన హిందీ సిరీస్, మన హాస్టళ్ళలో చూడనివాళ్ళు తక్కువ. కథలో ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా. షూటింగ్ జరిగింది మధ్యప్రదేశ్ సీహోర్ జిల్లా మహోడియా గ్రామంలో. మొదటి సీజన్ చివర్లో అభిషేక్ నీళ్ళ ట్యాంకు ఎక్కుతాడు, అక్కడ రింకీ కనిపిస్తుంది. సీజన్ అంతా పేరు విన్న అమ్మాయిని మనం చూసేది అప్పుడే.

ఈ సీన్‌ని మూడు పొరలుగా విడగొట్టండి. దూరంగా ఆకాశం, దిగువన ఊరు, దగ్గరగా ట్యాంకు పైభాగం, మనుషులు. మొదట ఆకాశం. పెట్టెలో ఆ భాగాన్ని శుభ్రమైన నీళ్ళతో తడిపి, తడి మీదే లేత రంగు అంటించండి, అదే పాకుతుంది. మబ్బు కావాలంటే తడిగా ఉండగానే గుడ్డతో మెల్లగా అద్దితే రంగు లేచిపోతుంది. ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక రంగు కాస్త తేలిపోతుంది, అది ఈ రంగుల స్వభావం, కాబట్టి మొదటే కొంచెం ఎక్కువ వెయ్యాలి. తర్వాత ఊరు, చెట్లు. దూరంగా ఉన్నవి లేతగా, నీలం కలిసినట్టు ఉండాలి. మనకీ వాటికీ మధ్య గాలి ఉంది, ఆ గాలిని కూడా వేస్తున్నాం అనుకోండి. చివరికి దగ్గరున్న ట్యాంకు, మనుషులు. ముదురు రంగులు, పదునైన అంచులు ఇక్కడే.

ఈ బొమ్మ వేస్తున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. ఈ సిరీస్‌లో అభిషేక్ ఎక్కువసేపు పంచాయతీ ఆఫీసు గదిలో, ఊరి సందుల్లో తిరుగుతాడు. ఆ గది గోడల మధ్యే పడుకుంటాడు, చదువుకుంటాడు, విసుక్కుంటాడు. ట్యాంకు ఎక్కిన తర్వాత చుట్టూ ఖాళీ దొరుకుతుంది. ఆ అమ్మాయి కనబడిందన్నది కథ. ఊరు చిన్నదయ్యి ఆకాశం పెద్దదవడం బొమ్మ. ఆ సీన్ నాకు నచ్చింది అమ్మాయి వల్ల అనుకునేవాణ్ణి. పెట్టెలో మూడింట రెండు వంతులు ఆకాశానికే కేటాయించి రంగు వేస్తుంటే తెలిసింది, నాకు నచ్చింది ఆ గాలి అని. ఇంజనీరింగ్ హాస్టల్ గదిలో ఉండేవాడికి అది నచ్చక ఇంకేం నచ్చుతుంది చెప్పండి!

పాఠం 4: వదిలెయ్యడం

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇది. ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. గోడ మీద క్యాలెండరు, బల్ల మీద గ్లాసులు, చొక్కా గళ్ళు, చేతి గడియారం. కానీ 16 × 9 సెంటీమీటర్ల పెట్టెలో ఒక నిలువెత్తు మనిషి ఐదారు సెంటీమీటర్లు ఉంటాడు. మామూలుగా మనిషి ఎత్తు తన తలకి ఏడు, ఏడున్నర రెట్లు. అంటే తల ఒక సెంటీమీటరు కూడా రాదు. దాంట్లో కళ్ళు, ముక్కు, నవ్వు ఎక్కడ పడతాయి? కాబట్టి ముఖాన్ని వదిలెయ్యండి. నిలబడే తీరు పట్టుకోండి.

దీనికి ‘అమృతం’ని మించిన పాఠ్యపుస్తకం లేదు. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చింది, గుణ్ణం గంగరాజు గారి సృష్టి. మనలో చాలామందికి అప్పటికి పుట్టుకే లేదు, యూట్యూబ్‌లో చూసినవాళ్ళమే. అమృతరావు, ఆంజనేయులు, వాళ్ళ హోటలు అమృత విలాస్, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వర్ సర్వం. సిట్‌కామ్ కాబట్టి లైటింగ్ అంతా సమంగా, వెలుగ్గా ఉంటుంది. పాఠం 2లో చెప్పిన వెలుగు–నీడల ఆట ఇక్కడ పెద్దగా దొరకదు. అక్కడ నడిచేది అంతా ఒంటి విరుపులో, భుజాల్లో, మెడ తిప్పడంలో ఉంటుంది. ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు గారు అమాయకంగా నిలబడే తీరు చూడండి. పాజ్ కొట్టిన ప్రతిచోటా ఒక బొమ్మ తయారుగా ఉంటుంది.

ఇలా చెయ్యండి. పాజ్ కొట్టి, రెండు నిమిషాలు టైమర్ పెట్టుకుని, ముఖాలు లేకుండా మనుషుల ఆకారాలు మాత్రం ఒకే ముదురు రంగుతో నింపండి. నీడబొమ్మలాట చూసినట్టు ఉండాలి. టైమర్ మోగాక ఆపెయ్యండి. అలాంటి పది బొమ్మలు వేస్తే ఒకటి కుదురుతుంది. ఆ ఒక్కటీ చాలు.

నేను హోటల్ సీన్ ఒకటి ఇలా వేసి అమ్మకి వాట్సాప్‌లో పంపాను. పేరు రాయలేదు, ముఖాలు లేవు. అమ్మ వెంటనే ఫోన్ చేసింది.

“ఏరా, వీడు ఆంజనేయులు కదూ?”

“ఎలా గుర్తుపట్టావమ్మా, మొహమే లేదుగా!”

“మొహమెందుకురా, ఆ నిలబడటం చాలదూ. అవునూ, వెనకాల కౌంటర్ వెయ్యలేదేం? కౌంటర్ లేకపోతే అది హోటలెలా అవుతుంది?”

హాస్టల్‌కి వచ్చాక మా ఇద్దరి ఫోన్లు ‘తిన్నావా, తిన్నాను, చదువుతున్నావా, చదువుతున్నాను’ దగ్గరే ఆగిపోయేవి. ఆ రోజు ముప్పావుగంట మాట్లాడుకున్నాం. ఆదివారం ఆ సీరియల్ టైముకి వంట ముందే అయిపోవాలని ఇంట్లో ఎలా హడావిడి పడేవాళ్ళో చెప్పింది. అమ్మకి పెళ్ళైన కొత్తలో రోజుల గురించి నాకు అంతకుముందు ఎప్పుడూ తెలియదు. ఇప్పుడు వారానికో బొమ్మ పంపుతాను. అమ్మ ఏ ఎపిసోడో చెప్పాలి, అది పందెం. ఇప్పటివరకు అమ్మే ఎక్కువ గెలిచింది. అన్నట్టు, ఆ తర్వాత వేసిన హోటల్ బొమ్మలన్నిట్లో కౌంటర్ ఉంది. ఏది వదిలెయ్యకూడదో కూడా ఈ పాఠంలో భాగమే మరి.

ఫిల్టర్ ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న మా రూమ్మేట్ రోజూ అడుగుతాడు. వాడిది వరంగల్. “రెండు గంటలు ఏం కూసుంటవ్‌రా, ఫొటో ఇచ్చి వాటర్ కలర్ చెయ్యమంటే ఏఐ మూడు సెకన్లల్ల చేసిస్తది గదా!” అంటాడు. నిజమే, చేసిస్తుంది. నా బొమ్మకన్నా నీటుగా కూడా ఉంటుంది. అందులో వాదించడానికేం లేదు.

కానీ ఆ మూడు సెకన్ల తర్వాత ఆ సీన్ గురించి నాకు కొత్తగా ఏం తెలిసింది? ఏమీ లేదు. ఆకాశం ఎంత ఉండాలి, ముఖం ఉండాలా వద్దా, ఏ మూల చీకటి, ఏ వస్తువు తీసేస్తే సీన్ కూలిపోతుంది... వీటిలో ఒక్క నిర్ణయం కూడా నేను తీసుకోలేదు. ల్యాబ్‌లో పక్కవాడి కోడ్ కాపీ కొట్టి రన్ చేస్తే అవుట్‌పుట్ కరెక్టుగానే వస్తుంది. వైవాలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది తేడా. స్కెచ్‌బుక్‌లో ప్రతి పేజీ మనకి మనం పెట్టుకునే వైవా లాంటిది.

ఇదే మాట వాడికి చెప్తే “సరే తీ, నాకు గూడ ఒక బ్రష్ ఇయ్యి” అన్నాడు. ఇప్పుడు వాడు తన ఫేవరెట్ ఎనిమే సీన్లు పోస్టర్ కలర్స్‌తో వేస్తున్నాడు. పోస్టర్ కలర్ చిక్కగా ఉంటుంది, ముదురు మీద లేత రంగు వెయ్యొచ్చు, కాబట్టి వాటర్ కలర్‌లా తెలుపు దాచుకోనక్కర్లేదు. ఎనిమేలో ఉండే గట్టి అంచులకి, సమతలమైన రంగులకి అది బాగా సరిపోతుంది. ఏ షోకి ఏ రంగు నప్పుతుందో చూసుకోవడం కూడా ఒక పాఠమే.

బొమ్మ కింద ఏం రాయాలి

టేపు తీశాక మిగిలిన మార్జిన్‌లో మూడు లైన్లు రాయండి. మొదటి లైన్‌లో షో పేరు, సీజన్, ఎపిసోడ్, నిమిషం. అసలు బొమ్మ వాళ్ళది, దర్శకుడిదీ కెమెరామన్‌దీ, మనం దాన్ని చదువుకుంటున్నాం, కాబట్టి ఆ పేరు రాయడం మర్యాద. రెండో లైన్‌లో ఏం వదిలేశారో రాయండి. మూడో లైన్ ‘ఎందుకు నచ్చింది’. ఈ మూడోది బొమ్మ మొదలుపెట్టకముందు ఒకసారి వేరే చీటీ మీద రాసి పెట్టుకోండి, అయ్యాక ఇక్కడ రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నా స్కెచ్‌బుక్‌లో సగం పేజీలకి రెండు జవాబులూ వేరువేరుగా ఉన్నాయి. రెండో జవాబే ఎప్పుడూ చిన్నది, ఎప్పుడూ నిజం.

మరి మీ వంతు. ఈ వారం చూసే ఎపిసోడ్‌లో ఒక్క చోట పాజ్ కొట్టండి. రంగులు లేకపోయినా ఫర్వాలేదు. రఫ్ నోటు వెనక పేజీలో 8 × 4.5 పెట్టె గీసి, పెన్సిల్‌తో మూడు స్థాయిల వెలుగు–నీడ నింపండి. ఐదు నిమిషాలు. తర్వాత పేరు రాయకుండా ఇంట్లో ఎవరికైనా పంపండి, లేదా పక్క బెంచీ వాడికి చూపించండి. గుర్తుపడితే అక్కణ్ణించి మాటలు వాటంతట అవే మొదలవుతాయి. గుర్తుపట్టకపోతే ఇంకా మంచిది, “ఏ సీనో చెప్పు” అని ఇద్దరూ కలిసి మళ్ళీ చూస్తారు. ఈసారి మామూలు స్పీడ్‌లో.